తెల్ల స్లిప్పు

కార్ల షోరూంలో ఇరవై రెండేళ్లు పనిచేశాను. నాకు కారు నడపడం రాదు. క్రెడిట్ కార్డు కూడా లేదు. ఇస్తామని వచ్చిన ప్రతి బ్యాంకు మనిషికీ టీ తాగించి, వద్దని పంపేవాణ్ణి. ఇలాంటివాడు కార్లు కొనేవాళ్ల కార్డులు గీకే పనిలో ఇంతకాలం ఎలా నెగ్గుకొచ్చాడని మీరు అడగవచ్చు. నా భార్య కూడా అడిగేది. ఆమె పోయి మూడేళ్లయింది. జవాబు ఇంకా దొరకలేదు.

ఇప్పుడు షోరూముల్లో క్యాష్ కౌంటర్ దగ్గర కూర్చునే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మీకు నాకంటే కంప్యూటర్ బాగా వచ్చు. అయినా ఒక చిన్న విషయం మీకు ఎవరూ చెప్పి ఉండరు. నాకూ చెప్పలేదు.

మా హెడ్డాఫీసు కరీంనగర్‌లో ఉండేది. నేను మంచిర్యాల బ్రాంచిలో సీనియర్ క్యాషియర్‌ని. జూనియర్ క్యాషియర్ ఎవరూ లేరు. డబ్బు తీసుకోవడం, రసీదు రాయడం, గేట్ పాస్ మీద సంతకం పెట్టడం నా పని. మొదటి రెండూ ఎవరైనా చేయగలరు. మూడోది మాత్రం నాదే. కొత్త కారు షోరూం గేటు దాటాలంటే పాస్ మీద నా సంతకం ఉండాలి. వాచ్‌మన్ సాక్షాత్తూ యజమాని వచ్చి చెప్పినా వినడు, నా సంతకం కోసం చూస్తాడు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా నేను కుర్చీలో కాస్త నిటారుగా కూర్చునేవాణ్ణి. కౌంటర్ కింద సొరుగులో ఎప్పుడూ లైబ్రరీ నుంచి తెచ్చిన నవల ఒకటి ఉండేది. రూళ్ల ఫైలు మాత్రం అందరికీ కనబడేలా బల్లమీద పెట్టేవాణ్ణి.

కార్డు విషయంలో రూలు ఇది. బుకింగుకు ఇచ్చే చిన్న మొత్తం కార్డు మీద తీసుకోవచ్చు. అంతకు మించితే మిషన్ వాళ్లు కోసుకునే రెండు శాతం కొనేవాళ్లే భరించాలి. కారు మీద మాకు మిగిలేదే కొంచెం, అందులో రెండు శాతం పోతే యజమానికి అన్నం సహించదు. అందుకని నేను సొంత దస్తూరీతో ఒక బోర్డు రాసి గోడకు తగిలించాను: ‘క్రెడిట్ కార్డుకు రెండు శాతం అదనం. వాదించరాదు.’ రెండు శాతం హెడ్డాఫీసుది. వాదించరాదు అన్నది నాది.

ఇంకో రూలు ఉంది, స్లిప్పు లేనిదే గేట్ పాస్ లేదు. దీని వెనక ఒక కథ ఉంది. బ్యాంకు మెసేజ్‌లు ఫోన్లలోకి వచ్చిన కొత్తలో ఒక పెద్దమనిషి డబ్బు పంపినట్టు ఫోన్‌లో మెసేజ్ చూపించాడు. నమ్మి సంతకం పెట్టాను. బండి పోయింది, డబ్బు రాలేదు. నాలుగు నెలల తర్వాత ఆ బండి భైంసా వైపు ఒక దాబా వెనక దొరికింది, స్టెప్నీ లేకుండా. కరీంనగర్‌కు పిలిపించి నన్ను గంటసేపు నిలబెట్టారు. ఆ రోజు నుంచి ఫోన్ మెసేజ్‌లను నమ్మడం మానేశాను. మనుషులను నమ్మడం కూడా కొంత మానేశాను. అది మాత్రం హెడ్డాఫీసు చెప్పింది కాదు.

ఇక ఆ రోజు సంగతి. మే నెల ఆఖరు రోజు. మా షోరూముకు నెలాఖరు అంటే పెళ్లి ఇల్లు. ఆ నెల లెక్కలో పడాలంటే ఆ సాయంత్రంలోగా బండ్లు గేటు దాటాలి. బొగ్గు బాయిల్లో, అంటే గనుల్లో, నెలాఖరు ఇంకో రకం. ఉద్యోగం నుంచి దిగిపోయేవాళ్లందరూ ఆ రోజే దిగిపోతారు. అరవై నిండిన కార్మికుడు చివరి షిఫ్టు చేసి పైకి వస్తే తోటివాళ్లు దండలు వేసి, శాలువా కప్పి, బాయి గేటు నుంచి క్వార్టర్ దాకా డప్పులతో ఊరేగించి దిగబెడతారు. మంచిర్యాలలో ఉన్నవాణ్ణి కనక నాకు ఇది తెలుసు. తెలిసి కూడా ఏం చేశానో చెప్పడానికే ఇదంతా.

మధ్యాహ్నం రెండున్నరకు ఒక అమ్మాయి వచ్చింది. నస్పూర్ పిల్ల, మంచిర్యాలలోనే ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. చిన్న తెల్ల కారు తన పేరున బుక్ చేసుకుంది. లోను మంజూరైంది, రిజిస్ట్రేషన్ పనులు అయిపోయాయి. బండికి రిబ్బను కట్టి, లోపలా బయటా బెలూన్లు కట్టి సిద్ధంగా పెట్టారు. లోను పోగా ఇంకా లక్షా అరవై వేలు కట్టాలి. ఆమె కౌంటర్ మీద క్రెడిట్ కార్డు పెట్టింది.

నేను కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాను. ఉపన్యాసం ఇవ్వబోయే ముందు నేను అలా చేస్తానని తర్వాత తెలిసింది, మా సేల్స్ ఆయన చెప్పాడు.

“కార్డు మీద కారు కొంటరా అమ్మా ఎవలన్న?”

“మొత్తం కారు కాదంకుల్, మిగిలిన పైసలే.”

“వడ్డీ ఎంతనో ఎరుకేనా? నెలకు నూటికి మూడు రూపాలు దాటుతది. వద్దు బిడ్డా. పది రోజులు ఆగి నగదు తెచ్చుకో.”

ఆమె ఓపికగా విన్నది. నర్సు కదా, ఇలాంటివాళ్లను రోజూ చూస్తుంది.

“అంకుల్, నా కార్డు బిల్లు నిన్ననే తయారైంది. ఇయ్యాళ గీకింది వచ్చే నెలాఖరు బిల్లుల వస్తది. అటెన్క కట్టనీకె ఇంకో ఇరవై రోజులుంటది. నా చిట్టి పైసలు పన్నెండో తారీఖు చేతికొస్తయి. వడ్డీ ఎక్కణ్ణించి పడ్తది?”

ఇన్నేళ్లుగా కార్డులు గీకుతున్న నాకు ఆ లెక్క తెలియదు. నేను బోర్డు చూపించాను. జవాబు లేనప్పుడు బోర్డు చూపించడం నా అలవాటు.

“చూసిన. రెండు శాతం మూడు వేల రెండు వందలు. నగదు తెచ్చిన,” అని నోట్లు పెట్టింది. “జర జల్ది చెయ్యుండ్రి అంకుల్. మా బాపు ఇయ్యాళ దిగిపోతుండు. బాయిల దిగేటోళ్లకు లైట్లిచ్చే ల్యాంపు రూంల ముప్పై ఆరేండ్లు జేసిండు. నాలుగింటికి సన్మానం, ఐదింటికి గేటు కాన్నించి ఇంటికి. అందరు ఎవలదో ఒకలది జీపు కిరాయికి మాట్లాడుకొని పోతరు. మా బాపు సొంత బండ్ల పోవాలె. ఆయనకు ఎరుకలేదు. అందుకే జల్ది.”

“డ్రైవరున్నడా?”

“నేనే నడుపుత. గందుకే నేర్చుకున్న.”

మా క్యాబిన్‌లో కార్డు మిషన్‌కు సిగ్నల్ రాదు. బండ్లు కడిగే చోట, నీళ్ల ట్యాంకు పక్కన మాత్రం వస్తుంది. అందుకని కార్డు గీకడం మా దగ్గర ఒక చిన్న ఊరేగింపు. ముందు నేను మిషన్ రెండు చేతుల్లో పట్టుకుని, వెనక కొనేవాళ్లు, వాళ్ల వెనక సేల్స్ ఆయన. ఆయన వయసు నలభై పైనే, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. ఈ బండి గేటు దాటితే ఆయన ఆ నెల లక్ష్యం పూర్తవుతుంది. చేతిలో నిమ్మకాయలు పట్టుకుని ఉన్నాడు, టైర్ల కింద పెట్టడానికి.

“అన్నా, మాకు నిమ్మకాయలు, కొబ్బరికాయ వద్దు. ఇంటికాడ పాస్టరు గారు ప్రార్థన చేస్తరు,” అన్నది ఆ అమ్మాయి.

ఆయన నిమ్మకాయలు జేబులో వేసుకున్నాడు.

మిషన్‌లో కాగితం రోలు ఆ పొద్దున్నే అయిపోతే కొత్తది నేనే పెట్టాను. సేల్స్ వాళ్లకు ఇస్తే మూత విరగ్గొడతారని నా నమ్మకం. ఆ రోజు అదే మొదటి కార్డు. ఆమె పిన్ను కొట్టింది. మిషన్ కాసేపు ఆలోచించి, కుయ్‌మని కాగితం బయటికి తోసింది.

కాగితం తెల్లగా ఉంది. అటు తిప్పాను, ఇటు తిప్పాను. ఒక్క అక్షరం లేదు. తెర మీద ఏముందో చూద్దామంటే మే నెల ఎండ, నా కళ్లద్దాలు క్యాబిన్‌లో. నీడలోకి తీసుకొచ్చేసరికి తెర మొదటికి వచ్చి మళ్లీ కార్డు అడుగుతోంది. రెండో ప్రతి తీసే మీట నొక్కాను. తెల్ల కాగితం. మళ్లీ నొక్కాను. మళ్లీ తెల్ల కాగితం.

“ఫెయిలయిందమ్మా. మల్ల గీకు.”

అంతలో ఆమె ఫోన్ మోగింది. చూసుకుంది. “లేదంకుల్, పైసలు పోయినయని మెసేజ్ వచ్చింది. ఇగో చూడుండ్రి. కార్డుల ఇంక పన్నెండు వేలే ఉన్నయి. మల్ల ఎట్ల గీకాలె?”

మెసేజ్. ఫోన్‌లో మెసేజ్. నా కళ్ల ముందు దాబా వెనక స్టెప్నీ లేని బండి కనబడింది.

“మెసేజ్ చెల్లదు. స్లిప్పు రావాలె.”

“ఏదీ, గా కాయితాలు ఇటియ్యుండ్రి చూస్త.”

“తెల్ల కాయితంల ఏం జూస్తవమ్మా?” అని మూడింటినీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

చదివేవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ రోజు నేను చేసిన తప్పుల్లో అసలుది ఇదే. ఆ కాగితాలు అప్పుడు ఆమె చేతికి ఇచ్చి ఉంటే ఇంత రాసే పని ఉండేది కాదు.

క్యాబిన్‌కు వచ్చి మిషన్ కంపెనీకి ఫోన్ చేశాను. పాట వినిపించారు. నెలాఖరు కదా, అందరూ వాళ్లకే ఫోన్ చేస్తున్నట్టున్నారు. కరీంనగర్‌లో మా పెద్ద అకౌంటెంటుకు చేశాను.

“కార్డు పైసలు బ్యాంకుల రేపు గాని కనబడయి. నీకు తెల్వని రూలా? ఇయ్యాలనుకుంటె ఇయ్యి. జిమ్మేదారి నాదని కాయితం మీద రాసి నాకు పంపు,” అని పెట్టేశాడు.

నేను రాయలేదు. రూళ్ల ఫైలు తెరిచి, నాకు కంఠస్థం వచ్చిన పేజీనే మళ్లీ చదివాను.

మూడున్నర అయింది. ఆ అమ్మాయి సోఫాలో కూర్చుని ఫోన్ చేస్తోంది. “మామా, బాపును జర ఆపుండ్రి. ఇగో, వస్తున్న.” నాలుగున్నరకు మళ్లీ చేసింది. ఐదుంబావుకు ఇంకోసారి. ప్రతిసారీ గొంతు కొంచెం తగ్గింది. మధ్యలో నా దగ్గరికి రెండుసార్లు వచ్చింది. మొదటిసారి తన ఆసుపత్రి గుర్తింపు కార్డు, ఆధార్ కార్డు కౌంటర్ మీద పెట్టింది, ఉంచుకోమని. రెండోసారి మెడలో గొలుసు మీద చెయ్యి వేసింది. “అది వద్దమ్మా,” అన్నాను, ఎంతో ఔదార్యంతో.

ఎండకు బండి మీద బెలూన్లు ఒక్కొక్కటే పగులుతున్నాయి. పగిలినప్పుడల్లా సేల్స్ ఆయన తలుపులోంచి తొంగి చూసి నాకు చెప్పేవాడు.

“నాలుగోది గూడ పలిగింది సార్.”

“అయితే నన్నేం జెయ్యమంటవు?”

“జర సంతకం పెట్టమంట. గా పిల్ల మొకం జూడుండ్రి. ఎటువోతది సార్? నస్పూర్ ఎంత దూరం? బండి మీద లోనున్నది, ఇల్లు ఎరుక, దవాఖాన ఎరుక.”

“స్లిప్పు తేపో, పెడ్త.”

“స్లిప్పు నేను ప్రింటు గొట్టాల్నా సార్? నా కాడ నిమ్మకాయలే ఉన్నయి.”

ఆరు గంటలు కావస్తుండగా షోరూం ముందు ఒక ఆటో ఆగింది. అందులోంచి మెడ నిండా బంతిపూల దండలు, భుజాన శాలువా, చేతిలో స్టీలు టిఫిన్ డబ్బాతో ఒక పెద్దాయన దిగాడు. ఎవరో వార్డు నాయకుడు చందాకు వచ్చాడనుకుని నేను లేచి నిలబడ్డాను, డబ్బాను మాత్రం గమనించలేదు.

ఆయన తిన్నగా సోఫా దగ్గరికి పోయాడు.

“గిదేంది బిడ్డా? మూడింటి సంది మీ మామ ‘ఆగు, ఆగు’ అనుడే. ఎందుకో చెప్పడు. ఐదున్నరకు నేనే డప్పులోళ్లను పొమ్మన్న. పాపం వాళ్లకు ఇంక రెండు బాయిలున్నయి.”

ఆ అమ్మాయి అప్పటిదాకా ఏడవలేదు. అప్పుడు ఏడ్చింది. “నీకు బండి కొన్న బాపూ,” అని చెప్పి, అద్దంలోంచి బెలూన్లు లేని బండిని చూపించింది. తర్వాత నన్ను చూపించింది.

ఆయన నా కౌంటర్ దగ్గరికి వచ్చాడు. తిడతాడని సిద్ధపడ్డాను. తిడితే చెప్పడానికి రూలు నంబరు కూడా తయారుగా పెట్టుకున్నాను. ఆయన దండలు తీసి బల్లమీద, రూళ్ల ఫైలు పైన పెట్టి కూర్చున్నాడు.

“మా దగ్గర గూడ గంతే సార్,” అన్నాడు. “మనిషి తన నంబరు బిళ్ళ ఇయ్యందే లైటియ్యం. ఎంత పెద్దాయనైన, బిళ్ళ లేకుంటె బాయిల దిగుడు లేదు. ముప్పై ఆరేండ్లు నేను గదే జేసిన. నన్ను తిట్టనోడు లేడు. మీరు ఫికర్ జెయ్యకుండ్రి.”

నా పక్షాన మాట్లాడిన మొదటి మనిషి ఆయన. నాకు కూర్చున్న కుర్చీ గుచ్చుకుంది. ఏం చేయాలో తోచక టీ తెప్పించాను. గాజు గ్లాసులో సెగలు కక్కుతూ వచ్చింది. కంపెనీ వాళ్లు కొత్తగా వేసిన బల్ల, మరకలు పడితే నేనే తుడవాలి. అందుకని జేబులోంచి ఒక తెల్ల కాగితం తీసి పరిచి, దాని మీద గ్లాసు పెట్టాను.

“అయితే ఒక్కటి సార్,” అన్నాడు ఆయన, టీ చల్లారేదాకా ఊరికే కూర్చోలేక. “షిఫ్టు దిగినంక ఒక లైటు వాపసు రాలేదనుకోండ్రి. అప్పుడు మేం కాయితాలు జూస్త కూసోం. మనిషిని ఎతుకుతం.”

నా మీద విసిరిన మాట కాదది. తన పని గురించి ఆయన మామూలుగా చెప్పుకుంటున్నాడు. నేను గేట్ పాస్ పుస్తకం దగ్గరికి లాక్కున్నాను. ఆ మాటకు కరిగిపోయి సంతకం పెట్టేశానని ఇక్కడ రాసుకోవచ్చు, కాదనడానికి ఎవరూ లేరు. కాని పెట్టలేదు. పెన్ను క్యాపు తీశాను. అంతవరకే.

ఆయన గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగాడు. కాగితం మీద గుండ్రంగా నల్లటి వలయం పడి ఉంది. టీ మరక అనుకుని నేను వేలితో తుడిచాను. పోలేదు.

పక్కనే నిలబడ్డ ఆ అమ్మాయి ఆ కాగితం లాక్కుంది. గోరుతో ఒక వైపు గీసింది, నల్ల గీత పడింది. వెనక్కి తిప్పి గీసింది, ఏమీ పడలేదు.

“అంకుల్! రోలు ఉల్టా పెట్టిండ్రు!”

“ఏంది?”

“గీ కాయితం ఒక్క దిక్కే అచ్చు పడ్తది. వేడి తగిల్తెనే నల్లగైతది. మా ఈసీజీ మిషన్ల కొత్తోళ్లు గిట్లనే ఉల్టా పెడ్తరు. అంతా తెల్లగొస్తది. పేషెంటు సచ్చిపోయిండని భయపడ్తరు.”

మిషన్ మూత తీసి, రోలు తిప్పి పెట్టింది. మూత విరగలేదు. మళ్లీ అందరం ఊరేగింపుగా నీళ్ల ట్యాంకు దగ్గరికి పోయాం. ఈసారి వెనక పెద్దాయన కూడా ఉన్నాడు. రెండో ప్రతి మీట నొక్కాను. కుయ్‌మని స్లిప్పు వచ్చింది. నల్లటి అక్షరాలు. లక్షా అరవై వేలు, ఆమోదం పొందింది, సమయం రెండు గంటల యాభై రెండు నిమిషాలు.

రెండు యాభై రెండు. సన్మానానికి గంటకు పైగా టైముంది. ఊరేగింపుకు రెండు గంటల టైముంది.

సేల్స్ ఆయన స్లిప్పును నా భుజం మీదుగా చదివాడు. జేబులోంచి ఒక నిమ్మకాయ తీసి వాసన చూసుకున్నాడు.

నేను సంతకం పెట్టాను. ఇరవై రెండేళ్లలో అంత వంకర సంతకం ఇంకొకటి పెట్టలేదు. “తప్పయింది,” అన్నాను. ఎవరి వైపు చూసి అన్నానో గుర్తులేదు, బహుశా మిషన్ వైపు.

“పోనీయుండ్రి. బిడ్డా, బాయి కాడికి పోదాం దా. ఆణ్ణించే ఇంటికి పోదాం,” అన్నాడు ఆయన.

“అక్కడ ఎవలున్నరు బాపు ఇప్పుడు?”

“గేటున్నది గదా.” నా వైపు తిరిగాడు. “మీరు గూడ రాండ్రి సార్. గీ బండి జిమ్మేదారి మధ్యాన్నం సంది మీదే గదా, ఇంటిదాక దిగబెట్టుండ్రి.”

ఎగతాళో కాదో ఈ రోజుకీ తెలియదు. వెనక సీట్లో ఎక్కి కూర్చున్నాను. గేటు దగ్గర వాచ్‌మన్ బండి ఆపి పాస్ అడిగాడు. పాస్ పుస్తకం మొత్తం నా ఒళ్లోనే ఉంది, పొరపాటున తెచ్చేసుకున్నాను. లోపలి నుంచే చింపి ఇచ్చాను.

బాయి గేటు దగ్గర నిజంగానే ఎవరూ లేరు. రెండో షిఫ్టు లోపల ఉంది. ఒక సెక్యూరిటీ మనిషి, ఎదురుగా టీ బండి ఆయన, నేల మీద తొక్కేసిన బంతిపూలు.

“ఏందే, ఇంక ఇంటికి పోలే? మల్ల డ్యూటీ ఎక్కుతవా?” అన్నాడు సెక్యూరిటీ.

“డ్యూటీ కాదు. నా బిడ్డ బండి కొన్నది. గీడికెళ్లి ఎక్కుదామని వచ్చిన.”

పెద్దాయన దిగి, దండలు మళ్లీ మెడలో వేసుకుని, గేటుకేసి తిరిగి కాసేపు నిలబడ్డాడు. నాకు కిటికీలోంచి దండల పైన తల వెనక భాగం ఒక్కటే కనబడింది. తర్వాత వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. సెక్యూరిటీ మనిషి సెల్యూట్ కొట్టాడు. టీ బండి ఆయన గరిటెతో గిన్నె మీద రెండు దెబ్బలు వేశాడు. డప్పు అంతే.

నస్పూర్ దాకా ఆ అమ్మాయి ఇరవై దాటకుండా నడిపింది. రెండుసార్లు బండి ఆగిపోయింది. ఆగినప్పుడల్లా ఆయన “ఏం కాదు, ఏం కాదు” అన్నాడు, నాకు చెప్పిన గొంతుతోనే. క్వార్టర్ ముందు వాడకట్టు అంతా ఉంది. పాస్టరు గారు బండి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. చాలాసేపటి నుంచి ఎదురుచూస్తున్నారని ప్రార్థన వేగం చూస్తే తెలిసింది. పెద్దాయన నన్ను తన భార్యకు పరిచయం చేశాడు.

“గీ సారే మనకు బండి ఇచ్చిండు.”

ఆమె నాకు పెద్ద కేకు ముక్క పెట్టింది. తిన్నాను. ఆటోలో వెనక్కి వచ్చాను.

ఇంటికి పోయేసరికి నా భార్య గడపలోనే అడిగింది. “ఏమాయె? మొకం గట్లున్నది.”

మొత్తం చెప్పాను. ఆమె రోలు దగ్గరికి వచ్చేసరికి నవ్వడం మొదలుపెట్టి, నిమ్మకాయ దగ్గర కూర్చుండిపోయింది. కళ్లు తుడుచుకుని చివరికి ఒకటి అడిగింది.

“గా రెండు శాతమన్న వాపసిచ్చిండ్రా?”

“లేదు. రూలు.”

అప్పుడు నవ్వు ఆపేసి లోపలికి పోయి అన్నం పెట్టింది. మర్నాడు బ్యాంకులో డబ్బు కనబడింది. ఆ మూడు వేల రెండు వందలు నా జీతంలోంచి తీసి కవరులో పెట్టి సేల్స్ ఆయనతో పంపాను. మా ఆవిడ మజ్జిగ పోయడం మానేసింది, అందుకని. సాయంత్రం కవరు అలాగే తిరిగి వచ్చింది. పైన పెన్నుతో రాసి ఉంది: ‘వాదించరాదు.’

అప్పటినుంచి మా ఇంట్లో ఒక మాట స్థిరపడిపోయింది. కూరలో ఉప్పు చూసినా, తలుపు తాళం వేసినా, గ్యాసు బండ వచ్చినా నా భార్య నన్ను ఒకటే అడిగేది. “స్లిప్పు వచ్చిందా?” రిటైరైన రోజు సాయంత్రం కూడా అడిగింది. నన్ను ఎవరూ ఊరేగించలేదు. సేల్స్ ఆయన తన బైకు మీద బస్టాండులో దింపాడు. ఇంటికి పోతే గుమ్మంలో నిలబడి, గరిటెతో గిన్నె మీద రెండు దెబ్బలు వేసింది.

తర్వాత ఒక పొద్దున ఆమెకు గుండెలో బరువుగా ఉందంటే ఆసుపత్రికి తీసుకుపోయాను. ఈసీజీ గదిలో ఉన్నది ఆ అమ్మాయే. నన్ను గుర్తుపట్టి మాస్కు కిందికి లాగింది. “బాపు మంచిగనే ఉన్నడంకుల్. బండి ఎక్కినప్పుడల్లా మిమ్మల్ని యాది చేస్తడు,” అని చెబుతూనే నా భార్య చేతులకు, ఛాతీకి వైర్లు పెట్టింది. మిషన్ కుయ్‌మన్నది. ఆ చప్పుడు నాకు తెలుసు. నేను అవతలకు చూస్తూ నిలబడ్డాను.

మంచం మీంచి నా భార్య అడిగింది.

“స్లిప్పు వచ్చిందా?”

ఆ అమ్మాయికి మా ఇంటి మాట తెలియదు. అయినా తెలిసింది. నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. “వస్తున్నది ఆంటీ. రోలు సీదానే పెట్టిన.” నా భార్య కూడా నవ్వింది. మిషన్ ఇంకా గీస్తూనే ఉంది, నవ్వుకు గీతలు చెడిపోయి మళ్లీ ఒకసారి తీయాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఆమె నలభై రోజులు ఉంది.

కౌంటర్ దగ్గర కూర్చునే పిల్లలకు నేను చెప్పాలనుకున్న చిన్న విషయం ఇదే. కొత్త రోలు పెట్టే ముందు గోరుతో గీసి చూడండి. గీత పడే వైపు ఏదో చూసి పెట్టండి. తెల్ల కాగితం వస్తే అడిగినవాళ్ల చేతికి ఇవ్వండి.

ఇంకొకటి ఆ అమ్మాయి చెప్పింది. ఈ కాగితం మీద అచ్చు నిలవదట, ఏడాది రెండేళ్లలో తెల్లబడిపోతుందట. “జిరాక్సు తీసి పెట్టుకోండ్రి అంకుల్,” అని ఈసీజీ నా చేతికి ఇచ్చింది. రెండు కాగితాలు, నవ్వు వల్ల చెడినది, చెడనిది. చెడినది పారేస్తానంటే అదీ అడిగి తీసుకున్నాను. ఈసారి చెప్పినట్టు విన్నాను. ఆసుపత్రి ఎదురుగా ఉన్న కొట్లో రెండింటికీ జిరాక్సు తీయించాను.

అసలువి ఇప్పుడు దాదాపు తెల్లబడ్డాయి. జిరాక్సులు బాగానే ఉన్నాయి. నవ్విన చోట గీతలు పైకీ కిందికీ పోయి ఉన్నాయి.